గూట్లో పెట్టిన గ్లాసు

మా ఏసు గుడిలో ప్రభు బల్ల నాడు అందరూ తాగే ద్రాక్షరసం నేనే చేసేదాన్ని. 1972 నుంచి 1989 దాకా, నెలకొకసారి. సీసాల్లో కొని తెచ్చుకునే స్థోమత ఉన్న సంఘం కాదు మాది. శనివారం సాయంత్రం నల్ల ఎండుద్రాక్ష కడిగి, కాచిన నీళ్లలో నానబెట్టాలి. ఆదివారం తెల్లవారగానే చేత్తో పిసికి, మల్లుగుడ్డలో వడగట్టి, పొయ్యి మీద ఒక్క పొంగు రానిచ్చి దించాలి. పిసికేటప్పుడు అందులో పవిత్రంగా కనిపించేది ఏమీ ఉండదు. తొక్కలు, గింజలు, వేళ్లకు అంటుకునే నల్లటి పిప్పి, దాని మీద ముసిరే ఈగలు. ఇంత చేశాక, ఈ నెల తీపి చాల్లేదని ఎవరో ఒకరు అనేవాళ్లు. ప్రభు బల్ల దగ్గరికి వచ్చి తీపి చూసుకునే మనుషులంటే నాకు మొదటి నుంచీ రోత.

మా ఊరు బెళుగుప్పకు పడమర. బస్సు దిగాక ఇంకా నడవాలి. ఊరికి తూర్పున అంటరానివాళ్ల వీధి ఉండేది, దాన్ని గేరి అనేవాళ్లు. మేం ఆ గేరి వాళ్లం. మా తాత ఒక కరువులో గంజి కోసం కిరస్తానీ అయ్యాడు. ఇది నేను దాచను. గంజి ఆగిపోయాక కూడా ఆ పేరు మాకు మిగిలింది. మా నాయన తరం వాళ్లు క్రిస్మస్‌కు కొత్తబట్ట కట్టుకోవడానికీ, చావుకు పెట్టె చేయించడానికీ తప్ప గుడి వైపు చూసేవాళ్లు కాదు. జాతరకు కోడిని కోసేదీ వాళ్లే. ట్రైనింగు అయ్యాక టీచరుగా మా ఊరి బడికే వచ్చిన నాకు ఈ మతం మీద ఏ గౌరవమూ లేదు. గుడి తుడవడానికీ, రసం చేయడానికీ ఎందుకు ఒప్పుకున్నానంటే, గోడల నిండా గబ్బిలాల పెంట చూస్తూ ఊరుకోలేక.

మా అమ్మ నా పసితనంలోనే పోయింది. నన్ను పెంచింది మా మేనత్త, మా నాయనకు అక్క. ఆమెకు పెళ్లయిన మూడో ఏట వీపు మీద మొద్దుబారిన మచ్చ ఒకటి కనిపించింది. పెద్దరోగం అన్నారు. మొగుడు ఆ వారమే పుట్టింట్లో దింపి పోయాడు. తర్వాత సైకిల్ మీద ఊళ్లు తిరుగుతూ కుష్టు మాత్రలు ఇచ్చే ఉద్యోగి ఒకాయన ఏళ్ల తరబడి ఆమెకు మాత్రలు ఇచ్చాడు. 1973లో, నయమైపోయింది, ఇక ఎవరికీ అంటదు అని గేరి మధ్యలో నిలబడి గట్టిగా చెప్పి పోయాడు. విన్నవాళ్లంతా తల ఊపారు. ఆమెకు నీళ్లు మాత్రం మునుపటిలాగే దూరం నుంచి పోశారు.

ఆ నీళ్ల సంగతి చెప్పాలి. ఊళ్లో పెద్దిళ్ల ముందు మాకు నీళ్లు కావాలంటే దోసిలి పట్టాలి, వాళ్లు పైనుంచి పోస్తారు. అది అందరికీ తెలిసిందే. మా అత్తకు మా గేరిలోనే, మా వాళ్లే అలా పోసేవాళ్లు. ఆమె వేళ్లు వంకరపోయి దోసిలి మూసుకునేది కాదు. నీళ్లు సందుల్లోంచి కారి రవిక తడిసేది, నోటికి చేరేది గుక్కెడు. పోసేవాళ్లు ఆ కారడం చూసి ముఖం తిప్పుకునేవాళ్లు.

గుడికి వచ్చినా ఆమె లోపలికి వచ్చేది కాదు. బయట గోడ నీడన కూర్చునేది. అప్పటి పాస్టరుగారు, మేం అయ్యగారు అనేవాళ్లం, నెలకొకసారి సైకిల్ మీద వచ్చే పెద్దమనిషి. మాటకారి కాదు. ప్రసంగం అయ్యేలోపు సగం మంది కునికేవాళ్లు. 1974లో ఒక ఆదివారం ఆయన ఆమెను చూసి, లోపలికి ఎందుకు రాదని అడిగాడు. సంఘ పెద్దలు గుసగుసలాడుకుని, వస్తే రానివ్వండి గానీ గిన్నె ఆమెకు చివర ఇవ్వండి అన్నారు. ఆయన సరే అన్నాడు.

మా గుడిలో అప్పుడు ఒకటే గిన్నె. అందరూ వరసగా అందులోనే తాగాలి. ఒక్కొక్కరు తాగాక అయ్యగారు అంచును గుడ్డతో తుడిచి పక్కవాళ్లకు ఇచ్చేవాడు. ఆ రోజు మా అత్త చివర తాగింది. ఆమె తర్వాత ఎవరూ లేరు కనుక ఆయన అంచు తుడవలేదు. గిన్నె ఎత్తి మిగిలిన రసం తాగేశాడు. ఇన్ని నీళ్లు పోసి కడిగి, ఆ కడిగిన నీళ్లూ తాగాడు.

ఇంటికి వచ్చాక అత్త గడపలో కూర్చుని, ఆయప్ప నా ఎంగిలి తాగినాడు పాపా, అంది. సాయంత్రం మళ్లీ అదే అంది. దేవుని మనిషే తాగినాడంటే దేవునికి నేనంటే రోత లేదని గదా, అని నన్నే అడిగింది. ఆమెకు చదువు లేదు, ప్రార్థన కూడా మొత్తం నోటికి రాదు. ఆమె రక్షణ అంతా ఆ ఒక్క గుక్క మీద నిలబడింది. ఆ తర్వాత పది పదకొండేళ్లు ప్రతి నెలా ఆమె చివర తాగడం, మిగిలింది ఆయన తాగడం. ఆమె తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. శెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మీద హాస్యాలాడేది. చచ్చినాక ఏమౌతావత్తా అని ఎవరైనా ఎకసెక్కం చేస్తే, నాకు ఆడ చోటు చూసి పెట్టినారులే, మీ సంగతి చూసుకోండి, అనేది.

ఆయన 1984 చివర రిటైరయ్యాడు. మరుసటి ఏడు కొత్తాయన వచ్చాడు. మా వాళ్లు ఇప్పటికీ 86 అంటారు, తప్పు. 85. వానలు లేక సగం గేరి బెంగుళూరికి మట్టిపనికి పోయిన సంవత్సరం అది.

కొత్త అయ్యగారు చదువుకున్నవాడు, వయసులో ఉన్నవాడు, మోపెడ్ మీద వచ్చేవాడు. తెల్లబట్టకు మరక అంటనిచ్చేవాడు కాదు. చేతులు కడుక్కోవడం గురించీ, సబ్బు గురించీ ప్రసంగాల్లో చెప్పేవాడు. అందులో నాకు అభ్యంతరం లేదు, బడిలో నేనూ చెప్పేదాన్నే. అయితే పక్క ఊరి నుంచి నాలుగు కుటుంబాలు మా సంఘంలో చేరతామని ఒక షరతు పెట్టాయి. ఆ ముసలామె నోరు పెట్టిన గిన్నెలో మేం తాగం అన్నారు. సంఘం పెరగాలని అయ్యగారికి ఆశ. ఆయన పెద్దలను అడిగాడు. పెద్దల్లో పెద్ద మా చిన్నాయన.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. అత్తకు సొంత తమ్ముడు. చంకన ఎత్తుకుని పెంచిన తమ్ముడు.

ఆయన కనుబొమ మీద ఒక మచ్చ ఉండేది. వయసులో ఉండగా ఊరి టీ హోటల్లో పడిన దెబ్బ అది. హోటల్లో మా వాళ్లకు గ్లాసులు వేరు. బయట గోడ గూట్లో ఉండేవి. మేమే తీసుకోవాలి, తాగాక మేమే కడిగి బోర్లించాలి. ఒకరోజు చిన్నాయన ఆ గ్లాసు తీసి బండ మీద కొట్టాడు. నలుగురు పట్టుకుని కొట్టారు. గేరిలో ఆ కథ చెప్పుకోని ఇల్లు లేదు. చిన్నప్పుడు ఆ మచ్చను తాకి చూడాలని నాకు ఆశగా ఉండేది.

ఆ మనిషే అనంతపురం పోయి రెండు డజన్ల చిన్న గాజు గ్లాసులు తెచ్చాడు. గిన్నె ఇక వద్దు, మనిషికొక గ్లాసు అన్నాడు. అంతవరకే అయితే నేను రాసేది ఏమీ లేదు. ఒక గ్లాసు అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టించి, దాన్ని మిగతా వాటితో కలపకుండా కిటికీ గూట్లో పెట్టించాడు. ఇదేమిటని అడిగాను.

"అక్కకు ఏం తక్కువ చేసినామమ్మా? ఆమెకంటూ సొంత గ్లాసు పెట్టినాం. మర్యాదే గదా."

టీ హోటలాయన అన్న మాట కూడా అదే. మీకంటూ సొంత గ్లాసులు పెట్టినాం గదప్పా, ఇంకేం కావాల, అన్నాడట. ఆ మాట మాకు చెప్పింది చిన్నాయనే. అది గుర్తుచేశాను. హోటల్ వేరే, ఇది దేవుని గుడి, రెండూ కలపొద్దు అన్నాడు.

జులై మొదటి ఆదివారం, కొత్తాయన వచ్చాక మొదటిసారి బల్ల జరిగినప్పుడు, గ్లాసులు పళ్లెంలో పెట్టి వరసగా ఇచ్చారు. పక్క ఊరి వాళ్లు ముందు వరసలో కూర్చుని తాగారు. అత్త ఎప్పటిలాగే చివర లేచింది. అయ్యగారు చేత్తో కిటికీ వైపు చూపించాడు. ఆమె గూట్లో ఉన్న గ్లాసును చూసింది. మళ్లీ ఆయనను చూసింది, గిన్నె ఎక్కడ అన్నట్టు. గ్లాసు ముట్టుకోలేదు. వెనక్కి వచ్చి కూర్చుంది. పాట అయ్యాక చిన్నాయన ఆ గ్లాసులో రసాన్ని కిటికీలోంచి బయట పారబోశాడు. నేను బయటికి వచ్చేసరికి ఆ తడి చుట్టూ చీమలు చేరాయి.

ఆ రోజు నుంచి అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. కాలి అడుగున ఆమెకు ఎప్పటి నుంచో పుండు ఉంది, మొద్దుబారిన కాలు కనుక నొప్పి తెలియదు. అది ఆ ఎండల్లో చెడి, జ్వరం తెచ్చింది. నేను రోజూ కడిగి గుడ్డ కట్టేదాన్ని. ఆ వాసన గురించి అబద్ధం చెప్పను, ముక్కుకు కొంగు కట్టుకునే కడిగేదాన్ని. ఆస్పత్రి డాక్టరు చూసి, వయసు మీద పడింది, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. ఆమె బాధ అది కాదు.

"దేవునికి గూడా నేను రోతయిపోతిని పాపా," అంది, గోడనే చూస్తూ.

ఆ మాటతో ఆమె చచ్చిపోకూడదు. నాకు దేవుడు ఉన్నాడో లేడో తేలకపోయినా ఇది మాత్రం తేలిపోయింది.

అయ్యగారు మళ్లీ ఊళ్లోకి వచ్చినప్పుడు పోయి అడిగాను. మా అత్తకు రోగం పోయి పన్నెండేళ్లయిందని చెప్పాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. బలహీనులైన విశ్వాసుల గురించి కూడా ఆలోచించాలి కదా టీచరుగారూ అన్నాడు. ఆయన బలహీనులన్నది మా అత్తను కాదు, పక్క ఊరి వాళ్లను. అయితే ఆశీర్వదించిన రసాన్ని మట్టిలో పారబోయించారేమని అడిగాను. ఆయన నిజంగా ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి తనకు తెలియదన్నాడు. అది నేలపాలు కాకూడదు, ఎవరు మిగిల్చినా సరే మిగిలింది పాస్టరే పుచ్చుకోవాలి, అది నియమం అన్నాడు. అని, కొంచెం నవ్వి, పాత అయ్యగారు చేసింది కూడా ఆ నియమమే, మీ అత్తగారు దాన్ని ప్రేమ అనుకుంటున్నారు, అన్నాడు.

విన్న మాటను సరిచూసుకోకుండా వదిలే అలవాటు నాకు లేదు. ఆ శనివారం బడి కాగానే బస్సెక్కి అనంతపురం పోయాను. పాత అయ్యగారు స్టేషన్ వెనక చిన్న ఇంట్లో ఉండేవాడు. చూపు తగ్గింది. వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. జరిగింది మొత్తం చెప్పి, మీరు తాగింది నియమమని తాగారా, మా అత్త మీద ప్రేమతో తాగారా అని అడిగాను.

"నియమమేనమ్మా," అన్నాడు.

రోత పుట్టలేదా అన్నాను.

"పుట్టింది. మొదటి నెల మీ ఊరి వంక దాటినాక సైకిల్ ఆపి కక్కుకున్నా. మంచి మనసుతో తాగింటానని ఆమె అనుకుంటాందేమో. నియమం లేకపోయింటే నేను తాగేవాణ్ణి గాదు. నా మంచితనం అంత దూరం లేదమ్మా."

మరి ఆమెను లోపలికి ఎందుకు పిలిచారని అడిగాను. పిలిచేటప్పుడు చివర తాగే సంగతి తట్టలేదన్నాడు. పెద్దలు ఆ మాట అన్నాక, చివరంటే ఆ తర్వాత తానేనని అర్థమైందట. అప్పటికే సరే అని ఉన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు మా ఊరికి వచ్చినా పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాణ్ణని చెప్పాడు, కక్కుకుంటే నలుగురిలో బాగుండదని. ఆమెకు ఇది చెప్పవద్దు అన్నాడు. చింతపండు చేతులతోనే దండం పెట్టాడు.

తిరుగు బస్సులో నాకు అందరి మీదా అసహ్యంగా ఉంది. గంజికి చేరిన తాత, గూట్లో గ్లాసు పెట్టించిన చిన్నాయన, సబ్బు వాసన వేసే కొత్తాయన, వంక దాటి కక్కుకున్న పాతాయన. ఏళ్ల తరబడి ఒక ముసలిది పట్టుకుని బతికిన గుక్క ఒక మనిషికి కక్కు తెప్పించిన గుక్క. ఇదా వీళ్ల రక్షణ అనుకున్నాను.

ఇంటికి చేరేసరికి అత్త మేలుకునే ఉంది. యాడికి పోయినావని అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, ఆ వయసులో కొత్తగా నేర్చుకునేదీ లేదు. ఆయన చెప్పొద్దన్నది కూడా చెప్పేశాను. ఆమె పొట్ట కదిలేలా నవ్వింది. ఆ నెలలో నవ్వడం అదే మొదలు.

"నాకు తెల్దనుకున్యావా? నేను ఆయప్ప మొగమే సూస్తాంటి గదా ప్రతి నెలా. కండ్లు మూసుకొని, కషాయం మింగినట్ల మింగుతాండె. నవ్వుకుంటా తాగింటే నాటకం అనుకుంటాంటి. అంత రోత పెట్టుకొని గూడా మింగినాడే, అందుకే నమ్మినా."

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. కొత్త అయ్యోరికి ఎవురూ నేర్పిచ్చలేదేమో పాపం, వచ్చే నెల పోదాం, అంది. నియమం సంగతి నా చేత ఇంకోసారి చెప్పించుకుంది. ఎవరు మిగిల్చినా ఆయనే పుచ్చుకోవాలా అని రెండుసార్లు అడిగి గట్టి చేసుకుంది.

ఆగస్టు మొదటి ఆదివారం నా భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. కాలికి కొత్త గుడ్డ కట్టాను, అయినా వాసన ఆగలేదు. ముందు వరసలో పక్క ఊరి ఆడవాళ్లు కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. అందరూ తాగడం అయ్యాక ఆమె లేచింది. అయ్యగారు చూపించకముందే కిటికీ దగ్గరికి పోయింది. రెండు అరచేతులు ఒత్తిపట్టి గూట్లో గ్లాసు తీసింది. సగం తాగింది. గ్లాసు అలాగే పట్టుకుని నడుచుకుంటూ పోయి అయ్యగారి ముందు చాపింది.

"మిగిలింది మీది అయ్యోరా."

చిన్నాయన సగం లేచి, అక్కా, ఆడ పెట్టు, అన్నాడు. ఆమె వినలేదు. అయ్యగారి ముఖం పాలిపోయింది. ఆయన బల్లను చూశాడు, కిటికీని చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను లేచి ఒక్కటే అన్నాను.

"నేలపాలు కాకూడదని మీరే చెప్పినారు గదా అయ్యగారూ."

ఆ చిన్న గ్లాసులో రసం ఎంతో లేదు. ఆమె పెదవి ఆనిన చోట మసక కనిపిస్తోంది. ఆయన పళ్లెం మీది గుడ్డ కోసం చెయ్యి చాచాడు, మళ్లీ ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. గ్లాసు అందుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఒక్క గుక్కలో మింగాడు. గొంతు ఒకసారి వెనక్కి కొట్టింది, అది అందరికీ కనిపించింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని రెండోసారి మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా అత్త ఆయన ముఖాన్ని, అన్నం ఉడికిందో లేదో చూసే ఆడమనిషిలా చూస్తూ నిలబడింది. తృప్తి పడ్డాక నా వైపు తిరిగి, "పర్వాలేదు పాపా, ఈయప్ప గూడా మింగినాడు," అంది. గుసగుసగా అన్నాననుకుంది. ఆమెకు చెముడు, గుడంతా వినబడింది.

పక్క ఊరి కుటుంబాలు మళ్లీ రాలేదు. నాలుగు కుటుంబాలను పోగొట్టావని చిన్నాయన నాతో మాట మానేశాడు. అయ్యగారు నన్ను చూస్తే తల దించుకునేవాడు. ఆయనకు మారుమనసు కలిగిందని నేను రాయను, నాకు తెలియదు. సెప్టెంబర్‌లో మా అత్త ఇంకోసారి గ్లాసు చాపితే ఇంకోసారి మింగాడు, అంతవరకు తెలుసు. ఆ నెలాఖరున, వాన ఇంకా పడకముందే, ఆమె పోయింది. పోయే ముందు భయమేస్తోందా అని అడిగాను. నా కోసం ఒగడు కాదు, ఇద్దరు మింగినారు, భయమెందుకు, అంది.

ఆమెను పూడ్చిన మర్నాడు చిన్నాయన మనిషిని పంపాడు, ఆ గూట్లో గ్లాసు పగలగొట్టి దూరంగా పారెయ్యమని. ఆ గ్లాసు ఇంటికి తెచ్చుకున్నాను. కిరసనాయిలు గుడ్డతో అడుగున ఉన్న ఎర్ర చుక్క పోయేదాకా రుద్దాను. బూడిదతో తోమి, వేడినీళ్లలో ఉడికించి, మిగతా ఇరవై మూడింటితో పాటు పళ్లెంలో బోర్లించాను. మరుసటి ఆదివారానికి ఏది ఏదో నాకే తెలియలేదు. పారేశావా అని చిన్నాయన అడగనే లేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ గ్లాసుల్లోనే నెలనెలా రసం పోశాను. ఒక్కటీ పగలలేదు. ఇరవై నాలుగు గ్లాసులు, నలభై ఎనిమిది ఆదివారాలు. లెక్క ప్రకారం అత్త గ్లాసులో తాగే వంతు మనిషికి రెండుసార్లు రావాలి. చిన్నాయన ఒక్క ఆదివారం కూడా మానలేదు, కనుక ఆయనకూ వచ్చే ఉంటుంది. ఆ మచ్చ ఉన్న కనుబొమ కింద కళ్లు మూసుకుని ఆయన తాగుతుంటే నేను ప్రతిసారీ చూశాను.

నాకు ఆ మనుషుల మీద రోత పోలేదు, ఇప్పటికీ పోలేదు. అయినా గుడి మానలేదు. మనసు ఒప్పని మనిషి చేత కూడా ఆ గుక్క మింగించగలిగినది ఆ బల్ల దగ్గర ఏదో ఉందని నేను నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నా వంతు ఏ నెలలో వచ్చిందో నాకు తెలియదు. అందుకని ప్రతి నెలా కళ్లు మూసుకునే మింగాను.